జానెడు తక్కువ చీర

ఈ పొద్దున కాన్పు ఒకటి చూడడానికి బయలుదేరి వీధి మలుపులోనే ఆగిపోయాను. పులిసిన గంజి వాసన. వీధి పొడవునా నీలం, ఎరుపు, నలుపు చారల పడుగు ఒకటి నడుమెత్తున సాగదీసి కట్టి ఉంది. దానికి అటు పదిమంది, ఇటు పదిమంది నిలబడి గంజిలో ముంచిన పెద్ద కుంచెలతో ఒకరి వెనక ఒకరు దువ్వుకుంటూ పోతున్నారు. ఎండ ముదిరేలోగా పని ముగియాలి, ఆరేలోగా పోగుకు పోగు అంటుకోకుండా చూడాలి. గుడియాత్తం నేతవాళ్ళ వీధుల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. నాకు కొత్తగా ఉన్నదల్లా నా నడుము. నేను పోవలసిన ఇల్లు పడుగుకు అవతల ఉంది. సాగదీసిన పడుగును దాటకూడదు, వంగి కిందినుంచే పోవాలి. యాభై దాటినవాళ్ళకు ఆ మర్యాద కొంచెం ఖరీదైనదే.

"సంచి ఇట్లియ్యమ్మా, నిదానంగా వంగు" అంటూ కుంచె పట్టుకున్న ముసలాయన ఒకరు నా సంచి అందుకున్నారు. "పోయి బిడ్డను పట్టుకోని చీక్రం రా. ఈడ చెయ్యి ఒకటి తక్కువుండాది."

మంత్రసాని వీధిలోకి వచ్చిందంటే జనం దారి వదులుతారు, మొక్కుకుంటారు, కొందరు మొహం తిప్పుకుంటారు కూడా. కుంచె పట్టడానికి రమ్మని పిలిచే వీధి నాకు తెలిసి ఇదొక్కటే. ఆ పిలుపు నా గొప్పతనం వల్ల వచ్చింది కాదు. అది మా అత్త అలివేలమ్మ నాకు సంపాదించి పెట్టిన ఆస్తి. ఆమె పోయి పదిహేనేళ్ళయింది. ఈ వీధిలోనే ఆమెను చూడని కోడళ్ళు ఇప్పుడు సగం మంది ఉన్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

నా పుట్టిల్లు వేలూరు. మా ఇల్లు ఆడవాళ్ళ ఆసుపత్రి వెనక సందులో ఉండేది. అయిదు తరగతుల దాకా అరవం చదువుకున్నాను. మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగు మాత్రం రాయడం అప్పటికి రాదు, అది తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నది. మా పెరటి గోడ మీంచి చూస్తే ఆసుపత్రి వరండా కనిపించేది. తెల్లచీర కట్టుకున్న నర్సమ్మ ఒకామె రోగి మణికట్టు పట్టుకుని, రొమ్ము మీద గుచ్చుకున్న చిన్న గడియారం వంక చూస్తూ పెదవులు కదిలించేది. ఒక మనిషి లోపల పారే నెత్తురును ఇంకో మనిషి అలా లెక్కపెట్టవచ్చునని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. నాకూ ఆ పని కావాలి. ఎందుకు కావాలంటే చెప్పలేను. కొందరికి పాట మీద మనసు పోతుంది, కొందరికి నగల మీద పోతుంది, నాకు ఆ గడియారం మీద పోయింది. పదిహేడో ఏట పెళ్ళి చేసి గుడియాత్తం పంపినప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పకుండా నాతోనే తెచ్చుకున్నాను.

అత్తవారింట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన, రెండోదాని మీద మా అత్త. మామకు చూపు పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆయన మగ్గం ఊరికే ఉంచడం ఇష్టంలేక, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంటలోకి అత్తే దిగిందట. మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, పడుగులు పోస్తారు, గంజి కాస్తారు గాని మగ్గం మీద కూర్చోరు. "ఆడది గుంటలో కాలు పెడితే ఇంటికి అచ్చిరాదు" అని ఎదురింటి మునెమ్మ అన్నదట. "అచ్చొచ్చేదీ రానిదీ నాడెకు తెల్దులే మునెమ్మా, అది తోసినోళ్ళ పక్క పోతాది" అని మా అత్త జవాబు. మనిషి పొట్టి. నడుస్తుంటే వెనకనుంచి చిన్నపిల్ల అనుకునేవాళ్ళు. మగ్గం మీద కూర్చుందంటే మాత్రం ఎవరూ ఆమెను పొట్టిదనలేకపోయేవారు.

షావుకారు నూలు ఇస్తాడు, మేం గళ్ళ కైలీలు, అంటే లుంగీలు, నేసి ఇస్తాం. రెండు మగ్గాలకూ కండెలు చుట్టేది నేనే. పొద్దున రాట్నం ముందు కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచే వీలుండదు, చెయ్యి ఆగితే రెండు మగ్గాలూ ఆగుతాయి. నేను వచ్చిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం, పడుగు అయిపోవచ్చింది గదా ఇక కండె అక్కరలేదని లేవబోతే, అత్త తన ఒళ్ళోంచి వేరే కండె ఒకటి తీసింది. కైలీ అప్పటికే ముగిసింది. మిగిలిన కాస్త పడుగు మీద ఆమె ఇంకేదో నేస్తోంది. బూడిదా కాదు, గోధుమా కాదు, అదొక రంగు.

"ఇదేందత్తా? షావుకారు అడిగినాడా?"

"షావుకారు అడిగింది ఆ కర్రకు చుట్టి ఉండాది. ఇది నేనడిగింది."

"నువ్వేమడిగినావు?"

ఆమె పేక పోగు తోసే నాడె ఆపింది. "మన ఏరు చూసినావు గదా రుక్కా. ఏడాదికి పదినెలలు ఇసకే. ఎగువన వాన పడితే, నీళ్ళకు ముందర ఇసకలో తడి పాకతాది. అప్పుడొక రంగుంటాది. ఇసక రంగు గాదు, నీళ్ళ రంగూ గాదు. ఒక గడియే ఉంటాది. ఆ రంగు చీర ఒకటి నేసి కట్టుకోవల్లని నాకు పెండ్లికి ముందరినుంచి ఉండాది."

కరక్కాయ నీళ్ళు, తుప్పు ఇనుము, బెల్లం కలిపి మూలనున్న కుండలో ఆమె ఊరబెట్టే మురికి ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. చిక్కులు తీయగా మిగిలిన తునక పోగులు ముడివేసుకుని, ఆ కుండలో ముంచి, ప్రతి పడుగు చివరా జానెడు నేసేది. పడుగు షావుకారు గళ్ళదే గాబట్టి రంగు సగమే తెలిసేది. "మిగిలిన సగం ఊహించుకుంటా" అనేది. అలాంటి జానెడు ముక్కలు ఒక పాత మూటలో నలభై పైన ఉన్నాయి. ఒక్కటీ ఆమెకు నచ్చలేదు. వీధిలో ఆమెకు 'జానెడమ్మ' అని పేరు. పిలిచినవాళ్ళకు "ఆ" అని పలికేది కూడాను.

అటువంటి మనిషికి నా కోరిక చెబితే కౌగిలించుకుంటుందని అనుకున్నాను. పెళ్ళయిన రెండో ఏడు, వేలూరు ఆసుపత్రిలో పెళ్ళయినవాళ్ళకు కూడా పదినెలలు మంత్రసాని పని నేర్పుతున్నారని మా అమ్మ కబురు పంపింది. ఏట్లో చెలమ తోడుకుంటున్నప్పుడు అత్తకు మొత్తం చెప్పేశాను, గడియారంతో సహా. ఆమె చిప్పతో నీళ్ళు బిందెలో పోస్తూనే ఉంది. బిందె నిండాక అడిగింది.

"పదినెలలు ఈడ కండెలెవురు చుట్టేది?"

అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. తన ముచ్చటకు జానెడు ఉంచుకుంది, నా దగ్గరికి వచ్చేసరికి కండెలు గుర్తొచ్చాయి అనుకున్నాను. అందులోనూ నాకు అప్పటికి పిల్లలు లేరు. ఆ కబురు ఎలా తెలిసిందో, "బిడ్డను కనని దానికి కాన్పు పనేందమ్మా" అని మునెమ్మ గుమ్మంలో నిలబడి మరీ అంది. అత్త మగ్గం మీంచి తల ఎత్తలేదు. మూడు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. కండెలు మాత్రం చుట్టాను, అంత బిగుతుగా నా జన్మలో మళ్ళీ చుట్టలేదు.

నాలుగో రోజు జరిగింది అసలు సంగతి. గంగమ్మ సిరసు పండగ దగ్గరపడుతోంది, షావుకారు సరుకు కోసం మనిషి మీద మనిషిని పంపుతున్నాడు. అత్త మగ్గం మీది పడుగు ముగిసింది, కొత్త పడుగు చుట్టి సిద్ధంగా ఉంది. ఇక్కడ నేతపని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నేసేవాడు పాత పడుగును ఎన్నడూ చివరికంటా నేయడు. మగ్గానికి గుండెకాయ అచ్చు. పడుగులో ప్రతి పోగూ ఆ అచ్చులో తన కంట్లోంచి, దాని ముందున్న దువ్వెనలాంటి పన్నె పళ్ళ నడుమ నుంచి దూరి వస్తుంది. చివర జానెడు పోగులు నేయకుండా అచ్చులోనే వదిలేస్తారు. ఆ కొసలకు కొత్త పడుగు కొసలను బూడిద అద్దిన వేళ్ళతో ఒక్కొక్కటిగా పురిపెట్టి అతికి, ముందుకు లాగితే చాలు, కొత్త పడుగు తనంతట తానే అచ్చులోకి నడిచి వస్తుంది. అత్త ముచ్చటంతా కైలీ ముగిశాక ఆ కొసకు ముందున్న కాస్త జాగాలోనే.

ఆరోజు ఆ జాగాలో నేస్తూ నేస్తూ ఆమె "రుక్కా" అంది. ఆ గొంతు విని అలక మరిచిపోయి లేచాను. ఆసారి పడుగు నడుమ తెల్లపట్టీ వెడల్పుగా ఉంది. దాని మీద ఆ రంగు పడింది. నేనూ చూశాను. ఏరు వచ్చే ముందరి తడి, సాక్షాత్తూ అదే.

"వచ్చిండాది గదా? వచ్చిండాది గదా?" అంటూ నేస్తూనే ఉంది. నాడెకు జాగా చాలలేదు. "వెనక కర్ర తీసేసి కొసలు చేతిలో బిగించి పట్టుకో. ఇంగొక్క బెత్తెడు, అంతే." నేను కర్ర తీసి, రెండు గుప్పిళ్ళతో కొసలు లాగి పట్టుకున్నాను. ఆమె నేసింది. నా చేతులు అచ్చుకు ఆనేదాకా నేసింది. అప్పుడు చూద్దామన్న ఆత్రంలో బట్టను తన పక్కకు ఒక్క లాగు లాగింది. నా గుప్పిళ్ళలోంచి పోగులు జారాయి. అచ్చు కళ్ళలోంచి, పన్నె పళ్ళలోంచి వర్షం వెలిసినట్టు అన్నీ ఆమె ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

తిన్నె మీద కూర్చున్న మామ తల తిప్పాడు. "అలివేలూ, అచ్చు ఉత్తదయిపోయినాదే?" అన్నాడు. కళ్ళు లేని మనిషికి శబ్దంతోనే తెలిసిపోయింది. మా అత్త మొహంలో నెత్తురు లేదు. ఆమె అంత భయపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రెండువేల పైచిలుకు పోగులు. కొత్త పడుగులోంచి నేను ఒక్కొక్క పోగూ ఏరి వెనకనుంచి అందించాలి, ఆమె ముందునుంచి సన్నని కొక్కెంతో కంట్లోంచి లాగి, పన్నెలోంచి దూర్చాలి. ఒక్కటి తప్పితే గళ్ళన్నీ తప్పుతాయి. ఇద్దరికీ నడుమ అచ్చు, తెరలాగా. మాట్లాడకుండా తప్పించుకునే దారి లేదు. రెండు పగళ్ళు అలా కూర్చున్నాం. మొదటి పగలంతా "నీలం... ఇంగో నీలం... ఎరుపు" తప్ప ఆమె ఏమీ అనలేదు. రెండో రోజు, మధ్యాహ్నం దాటాక, తెర అవతలినుంచి అంది.

"నేసింది తప్పు గాదు రుక్కా. కొస మిగల్చకుండా నేసినా చూడు, అది తప్పు."

నేను పోగు అందించాను.

"నీ మాటకు ఆపొద్దు నేను జవాబు చెప్పలే. కండెలెవురు చుట్టేదని అడిగితే నీకు కోపమొచ్చె. వద్దనేదానికి అడగలేదమ్మా, నిజంగా ఎవురు చుడతారో తెలీక అడిగినా. నువ్వు పో. గడియారం పెట్టుకో. అయితే తెంచుకోని పోవద్దు. మళ్ళా అతికేదానికి కొస ఉంచిపో."

నేను ఏడ్చాను. చేతులు ఖాళీ లేవు గనక కళ్ళు తుడుచుకోలేదు. పోగులు మాత్రం తడవకుండా తల వెనక్కి వంచుకున్నాను, అప్పటికి నేనూ నేత ఇంటి కోడలినయ్యాను మరి.

చెప్పినంత సులువుగా జరగలేదు. సరుకు ఆలస్యమైందని షావుకారు ఒక నెలపాటు అత్త మగ్గానికి నూలే ఇవ్వలేదు. ఆ నెలంతా ఇంట్లో మధ్యాహ్నాలు అంబలే. తన ఒక్క బెత్తెడు ముచ్చటకు ఇల్లంతా పస్తు పడిందని ఆమె ఎవరితోనూ సర్దిచెప్పుకోలేదు, అందరికీ పోసి అడుగున మిగిలిందే తాగేది. ఆ ఖాళీ నెలలోనే ఆమె రాట్నం తీసుకుపోయి మామ ముందు పెట్టింది. ఆయన మండిపడ్డాడు. కండె చుట్టడం ఆడవాళ్ళ పని, చూపు పోయింది గాని మీసం పోలేదన్నాడు. "మీసంతో చుట్టమన్లేదు, చేత్తో చుట్టు. ముప్పై ఏండ్లు నేసిన చెయ్యి అది, ఊరకుంటే దానికి మాత్రం బాగుంటాదా?" అని ఆయన వేళ్ళు పట్టుకుని నూలు మీద పెట్టింది. చిక్కునూలుతో పదిరోజులు తిట్టుకుంటూ చుట్టాడు. నెల తిరిగేసరికి నాకంటే బాగా చుట్టాడు, ఆ మాట వినాలని నా చేత పదిసార్లు చెప్పించుకున్నాడు కూడా.

మా ఆయన మెత్తని మనిషి. "నాకేం లేదమ్మా, ఊరేమంటాదో" అని నసిగాడు. "ఊరొచ్చి మనకు కండెలు చుడతాదా నాయనా?" అంది అత్త. అని ఊరుకుందా అంటే లేదు. ఊరు లేకపోయినా జరగదని ఆమెకు తెలుసు. గంజి పెట్టే రోజు వీధంతా చేయి వేస్తేనే ఎవరి పడుగైనా లేచేది. మన ఇంటినుంచి ఒక చెయ్యి తగ్గితే, రేపు మన పడుగు మీద ఒక కుంచె తగ్గుతుంది. కాబట్టి నాతోపాటు తనూ వేలూరు వచ్చి, ఆసుపత్రి దొరసాని ముందు నిలబడి, నెలకొక ఆదివారం నన్ను ఇంటికి పంపాలని అడిగింది. ఆమె తెలుగు దొరసానికి అర్థం కాలేదు, దొరసాని అరవం అత్తకు నచ్చలేదు. నడుమ నేను. చివరికి ఆదివారం తనకూ చర్చి ఉంటుంది గనక దొరసాని ఒప్పుకుంది. అత్త ఇంటికి పోయి, మా వంతు గంజి ఆదివారానికి మార్పించుకుంది.

పదినెలలూ నెలకొక శనివారం సాయంత్రం కాట్పాడిలో రైలెక్కి, గుడియాత్తం స్టేషన్‌లో దిగి, జట్కాలో ఊళ్ళోకి వచ్చేదాన్ని. ఆదివారం కోడికూతకు కుంచెతో పడుగు పక్కన నిలబడేదాన్ని. మొదట్లో నాకు అటూ ఇటూ ఎవరూ నిలబడేవారు కాదు. ఆసుపత్రిలో ఏ నెత్తురు ముట్టిందో అని. అత్త వచ్చి పక్కన నిలబడేది, రెండో పక్క మామను తెచ్చి నిలబెట్టేది. నాలుగో నెలకు జాగా నిండింది. చదువు ముగించి గడియారంతో ఇంటికి వచ్చాక మూడు నెలలు నన్ను ఎవరూ పిలవలేదు. నాలుగో నెలలో ఒక ఉదయం మునెమ్మ పరుగెత్తుకొచ్చింది. కూతురికి నొప్పులు, బిడ్డ కాళ్ళు ముందు వస్తున్నాయి. నా మొహం చూడలేక గుమ్మం చూస్తూ అంది, "నువ్వు పోయినట్టే లేదు గదమ్మా, నెలనెలా కండ్ల ముందరే ఉండావు. రా తల్లీ." తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. నేను నీళ్ళు పోసుకుని ఇంటికొచ్చేసరికి అత్త మగ్గం మీదే ఉంది. నన్ను చూసి నాడె ఆపింది. అంతకుమించిన సన్మానం నాకు తర్వాత ఎవరూ చేయలేదు.

ఆ తర్వాత నాకూ ఇద్దరు పుట్టారు, ఆ ఇద్దరినీ పట్టుకోవడానికి వేలూరునుంచి నాతో పని నేర్చుకున్న స్నేహితురాలు వచ్చింది. నా చేతిలో కాస్త డబ్బు నిలవడం మొదలయ్యాక, ఒకనాడు వేలూరునుంచి తెల్లనూలు తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాను. చీరకు సరిపడా, పడుగుకూ పేకకూ కలిపి. ఈసారి షావుకారు గళ్ళు లేవు, అంతా ఆమెదే. అప్పటికి ఆమెకు అరవై. చాలాసేపు ఆ నూలును చేత్తో నిమిరి, "ఇప్పుడు ఊహించుకునేదానికి ఏం మిగలలేదే" అని నవ్వింది. కైలీల పని నడుమ రంగద్దడానికీ నేయడానికీ నాలుగు నెలలు పట్టింది. చీర దించినరోజు వీధంతా చూడవచ్చి, "మాసిన గుడ్డ మాదిరి ఉండాది జానెడమ్మా" అంది. ఆమె విననే లేదు. నేను మగ్గం దగ్గరకు వంగి చూస్తే అచ్చులో కొసలు రెండు జానలు వదిలి ఉన్నాయి.

"ఒక జాన చాలదా అత్తా? కొంగు కురచ పడిందే. ఇంగో జానెడు నేసి ఉండొచ్చు గదా."

"చీర కురచైతే నాకొక్కదానికే కురచ. అచ్చు ఉత్తదైతే ఇంటికంతా" అంది. అని ఆ చీర కట్టుకుని, కొంగు భుజం మీద నిలవక జారుతుంటే చేత్తో పట్టుకుని, ఏటివైపు ఒక్కతే నడిచిపోయింది. ఆరోజు ఏట్లో నీళ్ళు లేవు, రాలేదు. ఇసకలో కూర్చుని ఎండ చల్లారేదాకా ఉండి వచ్చింది. ఎంత సంతోషంగా వచ్చిందో చెప్పడానికి నాకు చేతకాదు.

ఈరోజు కాన్పు ఎక్కువ కష్టపెట్టలేదు. ఆడపిల్ల, గట్టి గొంతు. బావి దగ్గర తలమీద నీళ్ళు పోసుకుని, సంచిలో ఎప్పుడూ ఉంచుకునే మారుచీర తీసి కట్టుకున్నాను. అది మా అత్తదే. నేను ఆమెకంటే పొడుగు, కొంగు నాకు ఇంకా చాలదు. కొంగుకు ముక్క వేసుకోమని కోడలు ఎన్నోసార్లు చెప్పింది. వేసుకోలేదు. ఎండ ముదరకముందే వీధిలోకి వచ్చి ముసలాయన పక్కన కుంచె అందుకున్నాను. పడుగు మా ఇంటిదే. అత్త తర్వాత ఆమె మగ్గం మీద మా పెద్దవాడు కూర్చున్నాడు. ఆమె వదిలిన కొసలకు ఆ చీర తర్వాతి పడుగు అతికాం, దాని కొసలకు ఆ తర్వాతిది, ఇదిగో సాయంత్రానికి దీన్నీ అతుకుతాం. ఆమె పోయాక ఆ అచ్చు ఇంతవరకూ ఖాళీ కాలేదు. కొంగు జారినప్పుడల్లా ఎడమచేత్తో పైకి లాక్కుంటూ, కుడిచేత్తో దువ్వుకుంటూ చివరిదాకా నడిచాను.